దూరవైద్యమున రోగి మాట

రోగి వైద్యశాలకు పోవుట, వైద్యుడు రోగి యింటికి వచ్చుట యను రెండు మార్గములకు తోడు మూడవ మార్గ మొకటి నేడు మన యిండ్లలో నెలకొన్నది. సెల్ ఫోనులో వైద్యుని ముఖము చూచి, తన బాధ చెప్పుకొని, మందుల చీటి వ్రాయించుకొనుటయే యా మార్గము. దీనిని దూరవైద్య మందురు. ఇది మేలా, కీడా యని తర్కించువారు పెక్కండ్రు కలరు. అంతకంటె ముందు విచారింపవలసిన ప్రశ్న వేఱొకటి కలదని మేము తలంచుచున్నాము. ఆ తెర యెదుట మాటాడున దెవరు? మందు పుచ్చుకొనవలెనో వలదో, ఏ రూపమున పుచ్చుకొనవలెనో తీర్మానించున దెవరు? ముట్లుడిగిన స్త్రీలకు వైద్యులు వ్రాయు హార్మోను చికిత్స నుదాహరణముగా గొని దీనిని పరిశీలింతము.

స్త్రీకి ఇంచుమించు 45 మొదలు 55 ఏండ్ల నడుమ అండాశయముల పని సన్నగిల్లి, ఈస్ట్రోజెను అను హార్మోను తగ్గి, ముట్లు నిలిచిపోవును. ఒడలెల్ల ఒక్కసారిగా ఆవిరులు క్రమ్ముట, రాత్రులు చెమటలు పోయుట, నిద్ర పట్టకుండుట మొదలగునవి కొందఱికి స్వల్పముగను, కొందఱికి దుర్భరముగను ఉండును. ఎముకల బలమును క్రమముగా తగ్గును. మన తెలుగుదేశమున దీనికి మఱియొక కారణము కూడ కలదు. 2015–16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. గర్భసంచితో పాటు అండాశయములు రెంటిని గూడ తీసివేసినచో, ఏండ్ల తరబడి మెల్లగా రావలసిన మార్పు ఒక్కమారుగా వచ్చి పడును. అట్టి చిన్నవయస్సు స్త్రీకి, వేఱే యడ్డంకి లేనియెడల, సహజముగా ముట్లుడుగు వయస్సు వఱకు హార్మోను నిచ్చుట మేలని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఆపరేషను నాడు ఇంటిల్లిపాదియు వెంట వత్తురు. పిమ్మటి బాధ మాత్రము “ఆడవారికిది మామూలే” యను నొక్క మాటతో తేలిపోవుచున్నది.

ఈ మందు పేరెత్తగనే క్యాన్సరు వచ్చునని భయపెట్టువారు కలరు. ఆ భయమునకు మూలము లేకపోలేదు. అమెరికాలో 16,608 మంది స్త్రీలతో జరుగుచుండిన యొక గొప్ప పరిశోధనను 2002లో నడుమనే నిలిపివేసిరి. రెండు హార్మోనులు కలిపిన మాత్రలు పుచ్చుకొన్నవారిలో, పదివేలమందికి ఏటికి ఎనిమిదిమంది చొప్పున రొమ్ముక్యాన్సరు అధికముగా కనబడినది. పక్షవాతమును, రక్తపు గడ్డలును హెచ్చినవి. కాని యా స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. 60 ఏండ్లకు లోబడి గాని, ముట్లుడిగి పదియేండ్లు దాటక గాని యున్నవారికి, బాధ యధికముగా నున్నప్పుడు సాధారణముగా మేలే కీడును మించునని తరువాతి పరిశీలనల వలన తేలినది. గర్భసంచి యున్నవారికి ఈస్ట్రోజెనుతో ప్రొజెస్టోజెనును గూడ చేర్చవలెను. చేర్చనిచో గర్భసంచి లోపలి పొరకు క్యాన్సరు ప్రమాదము కలదు. మ్రింగిన మాత్ర కాలేయము గుండ పోవును గనుక రక్తము గడ్డకట్టు ప్రమాదము కొంత హెచ్చును. చర్మమునకు రాయు జెల్లు, అంటించు పట్టీలయందు ఆ ప్రమాదము తక్కువగా కనబడుచున్నది. రొమ్ముక్యాన్సరు వచ్చినవారికి, కారణము తెలియని రక్తస్రావము గలవారికి ఈ చికిత్స సాధారణముగా తగదు. కావున ఏ రూపమున మందు పుచ్చుకొనవలెనను నది కేవలము సౌకర్యపు మాట కాదు. రోగి తన దేహచరిత్రను దాపక చెప్పినగాని వైద్యుడు సరియైన సలహా యీయజాలడు.

మన దేశమున 2020 మార్చి 25న దూరవైద్య నియమములు వెలువడినవి. వైద్యుడు తన పేరును, రిజిస్ట్రేషను సంఖ్యను తెలుపవలెను. రోగియు తానెవరో చెప్పవలెను. తెరమీది విచారణ చాలదని తోచినచో వైద్యుడు రోగిని నేరుగా పరీక్షకు పంపవలెను. పట్టణమునకు పోవుటకు దినకూలి పోగొట్టుకొనలేని స్త్రీకి, ఊరి వైద్యుని యెదుట నోరు విప్పుటకు జంకు స్త్రీకి ఇది గొప్ప యుపకారము. అయినను రక్తపోటు కొలుచుట, రొమ్ము పరీక్షించుట తెరకు సాధ్యము కాదు. ఈ లోపమును దాచిపెట్టి, రెండు ప్రశ్నలడిగి మందుపెట్టెను పంపు పద్ధతి వ్యాపారమగును గాని వైద్యము కాదు. మందు వ్రాయు చేయియు, అమ్ము చేయియు ఒక్కటియైన చోట మనము మఱింత జాగ్రత్త పడవలెను.

ఇక ముఖ్యమైన మాట. రోగి తానే వైద్యుని పిలిచినచో ఆమె సమ్మతించినట్లే భావింపవచ్చునని ఆ నియమములు చెప్పుచున్నవి. రోగికి బదులుగా సంరక్షకుడు మాటాడుటకును, అధికారపత్రము గాని బంధుత్వమును రుజువు చేయు పత్రము గాని యున్నయెడల, వీలు కల్పించినవి. కదలలేని రోగికి ఈ వీలు అవసరమే. కాని పెక్కిండ్లలో ఫోను భర్తది, లేదా కుమారునిది. మాటాడువేళ ప్రక్కగదిలో అత్తగారు, కోడలు, మనుమలు ఉందురు. అట్టి చోట పిలుపు ఆమె పేరుతో పోయినంత మాత్రమున సమ్మతి ఆమెది యగునా? చరకసంహిత వైద్యుని, ఔషధమును, పరిచారకుని, రోగిని చికిత్సకు నాలుగు పాదములుగా చెప్పినది. రోగికుండవలసిన గుణములలో నిర్భయత్వమును, తన వ్యాధిని తెలుపగల నేర్పును లెక్కించినది. ఇంటివారందఱు వినుచుండగా తన రక్తస్రావమును గూర్చి, తన దాంపత్యమును గూర్చి యే స్త్రీ నిర్భయముగా చెప్పగలదు? ఆమె చెప్పలేకపోయిన మాట ప్రక్కనే ప్రమాదము పొంచియుండవచ్చును.

కుటుంబ మొక్కటి గదా, దాపరిక మెందుకని పెద్దలాక్షేపింతురు. ఖర్చు భరించువానికి నిర్ణయమున పాలు లేదాయని మఱికొందఱందురు. సలహా చెప్పుటకు, తోడు పోవుటకు, ఖర్చు భరించుటకు కుటుంబమునకు హక్కే కాదు, బాధ్యతయు కలదు. కాని ఆవిరులు క్రమ్ముచున్నది ఆమె దేహమున; మందు వలని మేలుగాని కీడుగాని చేరునదియు ఆ దేహముననే. మందు వద్దని ఆమె తానే యనుకొన్నచో, ఆ నిరాకరణమును గూడ మనము గౌరవింపవలెను. వద్దనియు కావలెననియు ఆమె నోట రాకముందే యితరులు తీర్మానించుట ప్రేమ పేరిట జరుగు నపహరణము.

స్త్రీవిద్యకై పూర్వతరమువారు పోరాడి బడి తలుపులు తెఱచిరి. చదువుకొన్న తల్లికి తన దేహమును గూర్చి వైద్యునితో మాటాడుటకు ఒక గదియు, ఒక గడియ యేకాంతమును లేకున్న ఆ విద్య యెంతవఱకు ఫలించినట్లు? ఫోనామె చేతికిచ్చి, తలుపు దగ్గఱగా వేసి, ఆమె పిలిచినప్పుడు మాత్రమే లోనికి పోవుట యే గృహస్థునకైనను కష్టము కాదు. రక్తపోటు చూపించుటకు, పరీక్షలు చేయించుటకు దగ్గఱి వైద్యశాలకు తోడుపోవుట యంతకంటెను కష్టము కాదు. దూరముననున్న వైద్యుని దగ్గఱ చేయుటకు యంత్రము చాలును. ఇంటిలోనే యున్నవారి బాధను వినుటకు మాత్రము మన మనస్సు సిద్ధపడవలెను.