దాగియున్న వ్యాధి
ధ్యాన భాగములు: కీర్తనలు 19:12, 2 రాజులు 20:1–7



తనకే తెలియక తనలో దాగియున్న దోషములను గూర్చి దావీదు దేవునికి మొఱపెట్టెను. ఆత్మకు అట్టి అపాయమున్నట్లే దేహమునకును కలదు. రక్తపోటు అట్టిది. నొప్పి లేదు, జ్వరము లేదు. మనిషి చీనీ తోటకు పోవును, గనిలో పనిచేయును. ఒకనాడు కాలుచేయి పడిపోవును. లోకములో 30 మొదలు 79 ఏండ్లలోపు వారిలో సుమారు 128 కోట్లమందికి ఈ వ్యాధి యున్నదనియు, వారిలో దాదాపు సగముమంది దానిని ఎఱుగరనియు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. "తలనొప్పి లేదు గదా, మాకేల పరీక్ష?" అని మనమును అనుకొంటిమి. అది మన పొరబాటు.

మరియొక పొరబాటు కలదు. మాత్ర మ్రింగుట అవిశ్వాసమని కొందరు తలంతురు. హిజ్కియా మరణకరమైన రోగములో కన్నీళ్లతో ప్రార్థించెను. దేవుడు అతనికి పదునైదు సంవత్సరముల ఆయుష్షును ఇచ్చెను. అయినను ఆ వర్తమానము తెచ్చిన యెషయాయే పుండుమీద అంజూరపు పండ్ల ముద్దను వేయించెను. ప్రార్థన ఆలకించినవాడు మందును త్రోసివేయలేదు. మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన లండను మిషనువారు జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రిని కూడ కట్టిరి.

మేమెఱిగిన ఒక అవ్వ, పోటు తగ్గినదని మాత్రలు మానివేసెను. దానిని తగ్గించి యుంచినది ఆ మాత్రలే. కొన్ని నెలలకు పక్షవాతము వచ్చెను. ఆమెను నిందించుటకు దీనిని వ్రాయలేదు. "మానవద్దు అవ్వా" అని చెప్పవలసిన మనము ఊరకుంటిమి. తన సహోదరునికి కావలివాడనా అని కయీను అడిగిన ప్రశ్న మనలనే అడుగుచున్నది.

కాబట్టి 30 ఏండ్లు దాటిన ప్రతివారును ఆశా కార్యకర్తను గాని నర్సమ్మను గాని అడిగి పరీక్ష చేయించుకొనుడి. ముందు అరగంట కాఫీ, పొగాకు ముట్టక, ఐదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండవలెను. పాదములు నేలపై, చేయి గుండె ఎత్తున నుండవలెను. వేర్వేరు దినములలో చూచినను 140/90 గాని అంతకు మించి గాని యున్నయెడల వైద్యునియొద్దకు పోవలెను. ఆయన చెప్పక మాత్రలు మానరాదు. దినమునకు ఒకరికి ఉప్పు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, మించరాదు. సంగటిలోనికి ఊరగాయ తగ్గింపుడి. పొగాకు, సారాయి విడువుడి.

వచ్చు ఆదివారము ఆరాధనానంతరము ప్రక్కన కూర్చున్నవారిని, "పోటు చూపించుకొంటివా?" అని అడుగుదము. నడవలేనివారిని చేయి పట్టి తోడుకొని పోవుదము. మన దేహములు పరిశుద్ధాత్మకు ఆలయములైతే, ఆ ఆలయపు గోడ నెఱ్ఱెవిచ్చుచుండగా చూచుచు ఊరకుండుట భక్తి కాదు.

దాగియున్నవాటిని ఎఱిగిన ప్రభువు మనకు వివేకమును, ఒకరియెడల ఒకరికి భారమును దయచేయునుగాక. ఆమేన్.