ఏం పని మీద?

తిరగక మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది అని మనకో సామెత ఉంది. పితృస్వామ్యం భాషలో ఎలా పనిచేస్తుందో చెప్పడానికి క్లాసులో ఈ సామెతను వాడుతుంటాను. విద్యార్థినులు నవ్వుతారు, నోట్సు రాసుకుంటారు, గంట కొట్టగానే బస్సు పోతుందని పరుగెత్తుతారు. జాగ్రత్తగా చూస్తే ఈ సామెత స్త్రీని అసలు కదలొద్దని అనదు. నాట్లకీ, కట్టెలకీ, నీళ్లకీ, అత్తగారింటికీ ఎన్ని మైళ్లయినా నడవమంటుంది. వద్దనేది 'తిరగడం' ఒక్కటే. తిరగడమంటే పని లేని నడక. అలా నడిచిన స్త్రీకి తిరుగుబోతు అన్న పేరు సిద్ధంగా ఉంటుంది. అదే ధాతువులోంచి తిరుగుబాటు అనే మాట కూడా పుట్టిందని మనం గుర్తుపెట్టుకోం.

ఏ పనీ లేకుండా ప్రయాణం చేసే హక్కు స్త్రీకి ఉందా? ఉంటే ఆ ప్రయాణానికి ఆమె ఎవరికి జవాబు చెప్పాలి? కొన్ని నెలలుగా ఈ రెండు ప్రశ్నలతో కుస్తీ పడుతున్నాను. ఎందుకంటే వచ్చే ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని జేజు దీవికి వెళ్లాలని ఏర్పాట్లు చేసుకుంటున్నాను. సెమినారు లేదు, ఫెలోషిప్ లేదు, అక్కడ చుట్టాలెవరూ లేరు. చిట్టీ ఎత్తిన డబ్బుంది, పది రోజుల సెలవుంది, చూడాలన్న కోరిక ఉంది. అంతే.

మాది తాడ్వాయి. మేడారం జాతర దారిలో వచ్చే తాడ్వాయి కాదు, కామారెడ్డి దగ్గరిది. 2016లో కొత్త జిల్లా అయ్యేదాకా నిజామాబాదు జిల్లా కింద ఉండేది. మా వైపు పల్లెలకు విదేశం కొత్త కాదు. వాడకట్టుకు ఇద్దరు ముగ్గురు దుబాయికో మస్కట్‌కో పోయినవాళ్లుంటారు. బడి మొహం చూడని ఆడవాళ్లకు కూడా పాస్‌పోర్టు, మెడికల్, ఏజెంటు అన్న మాటలు తెలుసు. 'విజిట్' అన్న మాటకైతే మా దగ్గర అర్థమే వేరు. "విజిట్ మీద పోయిండు" అంటే చూడ్డానికి పోయాడని కాదు. విజిట్ వీసా మీద పోయి అక్కడ పని వెతుక్కుంటున్నాడని.

అందుకే జేజు సంగతి చెప్పినప్పుడు మా అమ్మ మొదట అడిగింది, "విజిట్ మీదనా బిడ్డా? ఆడ పని దొరుకుతదా?" అని.

"పనికి కాదమ్మా, ఉత్తగ చూసొద్దామని."

"ఉత్తగనా? ఆడ మనోళ్లు ఎవలున్నరు?"

ఈ ప్రశ్నను అదుపు అనుకుంటే అన్యాయం అవుతుంది. ముప్పై ఏళ్లకు పైగా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి అడిగిన ప్రశ్న అది. ఆకు నానబెట్టడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం... ఒక్క రోజు ఊరికి పోతే ఎన్ని బీడీలు తక్కువ పడతాయో ఆమె వేళ్లకు తెలుసు. ఆమె చూసిన దూరప్రయాణాలన్నీ అప్పు తీర్చడానికి మగవాళ్లు చేసినవే. వాటిలో ఆడవాళ్లకు దక్కిన భాగం విమానాశ్రయం అద్దాల తలుపు దాకా వెళ్లి కళ్లు తుడుచుకుని వెనక్కి రావడం. ప్రయాణమంటే అవసరం, అవసరమంటే ఎడబాటు. ఉత్తగా చూసి రావడం అనే మాటకు ఆమె జీవితంలో చోటే లేదు.

లేదంటున్నాను గానీ, ఉంది. దానికి వేరే పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. మా ఊరి ఆడవాళ్లు శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోతారు, వేములవాడకు పోతారు. అడిగితే మొక్కు ఉందంటారు. మొక్కు నిజమే. కానీ మంజీరా నీళ్లలో మోకాళ్ల దాకా నిలబడి గట్టిగా నవ్వుకోవడం, గాజుల దుకాణాల ముందు గంటలు గడపడం, వంట లేని రాత్రి చెట్ల కింద పడుకుని తెల్లార్లూ మాట్లాడుకోవడం మొక్కులో భాగాలు కావు. మొక్కు అనుమతి పత్రం. దాని చాటున ప్రయాణం నడుస్తుంది. చదువుకున్న ఆడవాళ్లకు ఆ పత్రం పేరు సెమినారు. అమెరికాలో కూతురున్న తల్లికి దాని పేరు పురుడు.

మన యాత్రా సాహిత్యాన్ని ఈ కోణం నుంచి చూడాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, హైదరాబాదు దాటాక మా ప్రాంతం మీదుగానే నాగపూరు వైపు వెళ్లాడు. ఆయనకూ కాశీ అన్న కారణముంది. కానీ పుస్తకంలో ఆయన చూపు ఊళ్ల మీద, బాటల మీద, ధరల మీద, మనుషుల తీరు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. ఎందుకు తిరుగుతున్నావని ఆయన్నెవరూ అడగలేదు. ఆ తర్వాత పోతం జానకమ్మ ఇంగ్లండు చూసొచ్చి తన అనుభవాలు రాసింది. అవి 1876లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. ఆమె వెళ్లింది భర్తతో. చూపు ఆమెదే అయినా ప్రయాణానికి కారణం మాత్రం పక్కన మనిషి రూపంలో నడుస్తూనే ఉంది.

నా స్నేహితురాళ్లు కూడా ప్రేమతోనే నాకో కారణం వెతికిపెట్టారు. "జేజులో హేన్యోలున్నారు కదా, వాళ్ల మీద పేపరు రాయి" అన్నారు. హేన్యోలంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగి, నత్తగుల్లలూ నాచూ ఏరుకొచ్చే స్త్రీలు. పైకి తేలాక వాళ్లు వదిలే ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తుంది. 1932లో జపాను వలస పాలన కింద తమ శ్రమను దోచుకుంటున్న సంఘానికి ఎదురు తిరిగి వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. ఒడ్డున రాళ్లు పేర్చిన గుండ్రటి గోడ మధ్య నిప్పు చుట్టూ కూర్చుని, ఎప్పుడు దిగాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వాళ్లే తేల్చుకునేవారు. లోతు తక్కువున్న చోటును ముసలివాళ్ల కోసం వదిలేసే ఆచారముంది. 1960లలో 20 వేలకు పైగా ఉన్న వాళ్లు ఇప్పుడు 3 వేల కంటే తక్కువ. చాలామంది అరవై దాటినవాళ్లే. 2016లో యునెస్కో ఈ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది.

స్త్రీవాదికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది? అక్కడే నాకు చిక్కు కనబడింది. హేన్యోలను నా ప్రయాణానికి కారణంగా చూపిస్తే రెండు పనులు ఒకేసారి చేసినట్టవుతుంది. ఒకటి, పని లేకుండా ఆడది తిరగకూడదన్న సామెతకు తలవంచడం. రెండోది, ఎనభై ఏళ్ల స్త్రీ బిగబట్టిన ఊపిరిని నా అనుమతి పత్రంగా వాడుకోవడం. ఆమె నీళ్లలోకి దిగేది కూలి కోసం, ఇంటి కోసం. జేజులో పర్యాటకుల కోసం హేన్యోల ప్రదర్శనలు కూడా పెడుతూ వచ్చారు. నేను నోటుబుక్కుతో నిలబడినంత మాత్రాన కెమెరాతో నిలబడ్డవాళ్ల కంటే మేలైనదాన్ని ఎలా అవుతాను? బీడీల మీద పరిశోధనకని మా వాడకట్టుకూ వచ్చినవాళ్లున్నారు. మా చిన్నమ్మ ఒకామె గురించి ఇప్పటికీ అంటుంది, "నా చేతుల ఫొటో తీసుకపోయింది, మల్ల మొఖం చూపియ్యలే" అని.

జేజు స్త్రీలూ దూరాలు తిరిగినవాళ్లే. కొరియా తీరం వెంట, జపాను దాకా, రష్యాలోని వ్లాదివోస్తోక్ దాకా పని కోసం వలస వెళ్లి సముద్రాల్లో దిగారు. మా గల్ఫు మగవాళ్లలాగే వాళ్ల ప్రయాణాలూ కూలి ప్రయాణాలు. వాళ్లలో ఎవరైనా ఏ ఊరినైనా ఉత్తగా చూసి రావడానికి వెళ్లగలిగారా? వారసత్వ జాబితాలు అడగని ప్రశ్న ఇది.

ఇదంతా జీతమొచ్చే ఆడవాళ్ల విలాసమని ఒక అభ్యంతరం వస్తుంది. తీసిపారేయదగ్గది కాదు. వీసా దరఖాస్తుకు బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను కాగితాలు కావాలి. అందులో 'ప్రయాణ ఉద్దేశం' అన్న చోట 'పర్యటన' అని పెడితే రాజ్యానికి సరిపోతుంది, కానీ డబ్బున్నవాళ్లకే సరిపోతుంది. పది పాసు కాని వాళ్ల పాస్‌పోర్టును వేరు చేసిన వ్యవస్థ మనది. గల్ఫు దేశాల్లో ఇంటిపనికి వెళ్లాలంటే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలన్న నిబంధన తెచ్చిందీ మన ప్రభుత్వమే. పని మీద వెళ్లే పేద స్త్రీకే ఇన్ని గేట్లుంటే ఉత్త ప్రయాణం మాటెక్కడ?

కానీ ఈ ప్రశ్న విమానం ఎక్కేవాళ్లది మాత్రమే కాదని మన బస్సులే చెప్పాయి. 2023 డిసెంబరు 9న తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. నెల తిరక్కుండానే మొదలైన వెక్కిరింపులు మనందరం విన్నాం. పనీపాటా లేకుండా తిరుగుతున్నారని, ఊరికే ఎక్కి ఊరికే దిగుతున్నారని. 2024లో బస్సులో కూర్చుని ఎల్లిగడ్డల పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ల మీద రాజకీయాల్లో కూడా జోకులు పేలాయి. బస్సులు చాలక పడే ఇబ్బంది వేరు, దాన్ని మాట్లాడుకోవాలి. ఈ జోకుల్లో ఉన్నది బస్సుల కొరత కాదు. జీరో టికెట్ పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న స్త్రీ ముఖంలో కారణం కనబడకపోవడం. తాడ్వాయి నుంచి కామారెడ్డికి ఉత్తగా పోయొచ్చే ఆమెనూ, జేజుకు పోవాలనుకునే నన్నూ అడుగుతున్నది ఒకే ప్రశ్న: ఏం పని మీద?

ఆ ప్రశ్నకు కారణం చూపించనక్కర్లేదు. కానీ కారణం వేరు, జవాబుదారీతనం వేరు. కారణం అడిగేది మనల్ని గడప దగ్గర ఆపగలిగినవాళ్లు. జవాబు చెప్పాల్సింది మనం ఎవరి నేల మీద అడుగు పెడుతున్నామో వాళ్లకు.

జేజు నేల సామాన్యమైంది కాదు. 1948 ఏప్రిల్ 3న అక్కడ మొదలైన తిరుగుబాటునూ దాని అణచివేతనూ కలిపి చూస్తే, 1954 దాకా 25 నుంచి 30 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా. అంటే దీవి జనాభాలో దాదాపు పదోవంతు. దశాబ్దాల పాటు ఆ మాట పైకి అననివ్వలేదు. 1978లో హ్యోన్ కి-యోంగ్ ఆ ఊచకోత నుంచి బయటపడ్డ ఒక స్త్రీ గురించి కథ రాస్తే ఆయన్ను నిర్బంధించి హింసించారు. 2003లో గానీ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పలేదు. 2021లో హాన్ కాంగ్ నవల రాసింది కూడా ఈ మరణాల గురించే. లోకంలోనే అత్యంత రద్దీగా ఉండే విమాన మార్గం సియోల్ నుంచి జేజుకు. ఆ విమానాలు దిగే నేలలోనే 2007 నుంచి 2009 దాకా తవ్వి వందలాది మంది అవశేషాలు బయటికి తీశారు. 1948 సెప్టెంబరు తర్వాత హైదరాబాదు రాజ్యంలో జరిగిన హత్యల మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలు మూలన పడి ఉన్న ప్రాంతం నుంచి వెళ్తున్నదాన్ని, ఆ మౌనం నాకు పరాయిది కాదు.

ఇది తెలుసుకుని దిగడం బాధ్యత. దీన్నే నా ప్రయాణానికి కారణమని చెప్పుకుంటే చచ్చిపోయినవాళ్లను కూడా అనుమతి పత్రంగా వాడుకున్నట్టే. దుఃఖాన్ని చూడ్డానికి వెళ్తున్నానంటే ఎవరూ కాదనరు, గౌరవిస్తారు కూడా. గాలినీ నల్లరాళ్లనూ చూడ్డానికి వెళ్తున్నానంటేనే నొసలు చిట్లిస్తారు. నేను రెండోదే చెప్పదలుచుకున్నాను. మొదటిది తెలిసి, దాని బరువుతోనే.

కాబట్టి ప్రదర్శనకు వెళ్లను. ఎవరి చేతుల ఫొటో తీయను. ఏప్రిల్ 3 స్మారకం దగ్గర ఒక పూట గడుపుతాను. మిగిలిన రోజులు నడుస్తాను. 2007లో సో మ్యోంగ్-సుక్ అనే జేజు పాత్రికేయురాలు, స్పెయిన్‌లో సాంతియాగో యాత్రాబాట నడిచి వచ్చాక తన దీవి చుట్టూ నడకదారులు వేయించడం మొదలుపెట్టింది. ఇప్పుడవి 400 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. వాటికి పెట్టిన పేరు ఒల్లే. జేజు మాటలో ఒల్లే అంటే ఇంటి వాకిలి నుంచి వీధిలోకి పోయే ఇరుకు సందు. మన దగ్గర స్త్రీలకు అన్నిటికంటే దూరమైన ప్రయాణం ఆ సందే. అది దాటిన ప్రతి ఒక్కరూ చేతిలో ఒక కారణం పట్టుకుని దాటారు. ఇక నుంచి కొందరమైనా ఖాళీ చేతులతో దాటాలి. వెనక వచ్చేవాళ్లను ఏం పని మీద అని అడగకుండా ఉండటం అప్పుడు మనకూ అలవాటవుతుంది.