బరువు తీసేసిన భోగం

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమే ఒక చిక్కుముడి వేస్తుంది: త్యాగంతోనే అనుభవించమంటుంది. అంతా వదులుకున్నాక అనుభవించడానికి ఏం మిగులుతుంది? ఇంగ్లండులోని హెథెల్ అనే పల్లెలో తయారైన ఒక కారు ఈ ప్రశ్నకు వింత జవాబిచ్చింది.

లోటస్ ఎలీజ్ 1996లో అమ్మకానికి వచ్చింది. బరువు దాదాపు 725 కిలోలు. అల్యూమినియం భాగాలను వెల్డింగ్ చేయకుండా ఎపాక్సీ జిగురుతో అతికించిన ఛాసిస్ 70 కిలోలైనా లేదు. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, ఇంజిన్ శక్తి 118 హార్స్‌పవరే. కానీ మలుపులో రోడ్డు గరుకుదనం నేరుగా డ్రైవరు అరచేతికి అందుతుంది. ఫెరారీ, పోర్షే తెలిసిన చాలామందికి ఈ పేరు తెలియకపోవడం అన్యాయమే.

మరి ఇది వైరాగ్యమా? కాదు. సన్యాసి వదిలేది కోరికను. ఎలీజ్ కొనేవాడు వదిలేది కోరికకు అడ్డొచ్చే సరంజామాను. ఆ తేలికదనం ఊరికే రాదు కూడా. లోటస్ వ్యవస్థాపకుడు కాలిన్ చాప్‌మన్ రేసు కార్లు మరీ పెళుసన్న విమర్శ ఎప్పుడూ ఉండేది. 1970లో ఇటలీలోని మోంజా ట్రాక్‌పై ఫార్ములా వన్ ప్రాక్టీసులో లోటస్ జట్టు డ్రైవరు యోఖెన్ రింట్ ప్రాణం పోయింది. ఆ ఏటి ప్రపంచ ఛాంపియన్ పట్టం అతనికి మరణానంతరం దక్కింది.

జపాన్ కంపెనీ మాజ్డాది కాస్త సౌమ్యమైన దారి. గుర్రమూ రౌతూలాగా కారూ డ్రైవరూ ఒక్కటైపోవాలన్నది 1989లో వచ్చిన ఎంఎక్స్-5 కారు సూత్రం. (అద్వైతులు నవ్వుకోవచ్చు.) ఆ కారు పది లక్షలకు పైగా అమ్ముడైంది.

లోటస్ మాత్రం ఇప్పుడు ఎలెట్రే అనే విద్యుత్ ఎస్‌యూవీ అమ్ముతోంది. దాని బరువు సుమారు 2,500 కిలోలు.