సెమినారు నుండి ఇంటికి

కుటుంబ జీవితంపై సెమినారుకు వెళ్ళివచ్చిన వారు తరచుగా చేసే మొదటి పని ఏమిటో తెలుసా? భార్యలోనో, అత్తగారిలోనో లోపాలు ఎత్తిచూపడం! అదీ నోట్సు పుస్తకం పట్టుకొని మరీ.

మర్రీ బోవెన్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1954 నుండి వాషింగ్టన్ దగ్గరి ప్రభుత్వ పరిశోధనా సంస్థలో మనోవ్యాధిగల యువతులతోపాటు తల్లులను, తరువాత తండ్రులను, తోబుట్టువులను కూడా వార్డులోనే ఉంచి గమనించారు. ఒకరి ఆందోళన మరొకరికి పాకడం, ఇద్దరికి పొసగనప్పుడు మూడవవారిని మధ్యకు లాగడం చూశారు. 1959లో యేసుసభ వారి జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలో చేరి, అదే బోధించారు.

1967లో ఫిలడెల్ఫియా సదస్సులో ఆయన సిద్ధాంత పత్రం చదవలేదు. సొంత తల్లిదండ్రుల, తోబుట్టువుల మధ్య తాను మారడానికి చేసిన ప్రయత్నం చెప్పారు. ఆయన దగ్గర చదివినవారు కూడా తమ వంశవృక్షం గీసుకొని, ఇంటికి వెళ్ళి, తమను తాము గమనించుకోవలసి వచ్చింది.

కన్నవారి కలహాలను పరాయివారి ముందు కాగితంపై గీయడం తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞకు విరుద్ధం కాదా? నాకూ ఈ సందేహం కలిగింది. తీర్పు చెప్పడానికే గీస్తే తప్పే. కాని అక్కడ అడిగే ప్రశ్న వేరు: ఈ గొడవలో నీ వంతు ఏమిటి? నాన్నపై అమ్మ చెప్పిన ఫిర్యాదుకు ఇన్నేళ్ళూ తలూపింది ఎవరు?

ఈసారి ఆమె మొదలుపెడితే, “అమ్మా, ఆ మాట నాన్నతోనే చెప్పు” అని మెల్లగా అనగలరా? అన్నాక, ఆమె అలిగినా సరే, లేచిపోకుండా ఇంకో గంట పక్కనే కూర్చోగలరా?