టోలు దారి, కాలువ దారి: ఒక ఋణ విచారణ

విజయవాడ నుంచి గుంటూరుకు వెళ్ళే కారు ముందు రెండు దారులున్నాయి. కనకదుర్గ వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరుల మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మొదటిది. దాని మీద కాజ దగ్గర టోలుగేటు ఉంది, అక్కడ అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌ను యంత్రం చదవగానే అడ్డుకర్ర పైకి లేస్తుంది, సొమ్ము యజమాని ఖాతాలోంచి పోతుంది. రెండవది, అంటే కాలువ దారి, రేవేంద్రపాడు, దుగ్గిరాలల మీదుగా తెనాలికి, అక్కడి నుంచి నందివెలుగు మీదుగా గుంటూరుకు చుట్టు తిరిగి చేరే దారి. దీనికి గేటు లేదు, సుంకం లేదు, అయితే దూరమూ ఎక్కువే, దాటవలసిన ఊళ్ళూ ఎక్కువే. ఈ రెండింటిలో ఏది మేలన్నది సాధారణంగా పెట్రోలు ఖర్చును, పట్టే సమయాన్ని, టోలు మొత్తాన్ని పక్కపక్కన వేసుకుని తేల్చుకునే లెక్కగా మిగిలిపోతుంది. ఆ లెక్కలో ఎవరూ రాయని పద్దు ఒకటి ఉంది. మన ప్రాచీన వాఙ్మయం దానిని ఋణం అన్నది.

మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడని వైదికుల భావన. దేవతలకు యజ్ఞంతో, ఋషులకు అధ్యయనంతో, పితరులకు సంతానంతో తీర్చవలసిన మూడు ఋణాలు అందరూ ఎరిగినవే. శతపథ బ్రాహ్మణం వీటికి మనుష్య ఋణమనే నాల్గవదాన్ని చేర్చి, తోటి మనుషులకు ఆశ్రయమూ అన్నమూ ఇవ్వడం వల్ల అది తీరుతుందని చెప్పింది. మొదటి మూడింటిలో ఎవరికి బాకీ ఉన్నామో తెలుసు. ఈ నాల్గవదానిలో ఋణదాత ముఖం కనిపించదు. దారిన పోయేవాడు తాను ఎన్నడూ చూడని మనుషులు చదును చేసిన నేల మీద, వారు నాటిన చెట్ల నీడన నడుస్తాడు కనుక, మనుష్య ఋణానికి బాటను మించిన ఉదాహరణ దొరకదు. అందుకే బావులు, చెరువులు, తోటలు, సత్రాలు వంటి ప్రజోపయోగ కార్యాలను యజ్ఞరూపమైన ఇష్టానికి జోడుగా పూర్తమని పిలిచి, వాటికి పుణ్యఫలాన్ని చెప్పారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికీ కనిపించే అశోకుని శాసనాల్లో బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతి ఉంది. ఎండాకాలం రాగానే విజయవాడ వీధుల్లో వెలిసే చలివేంద్రాలు ఆ పూర్త ధర్మానికి సజీవ రూపాలు.

బాట పూర్తమైతే దాని మీద సుంకం వసూలు చేయడం అధర్మం కాదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే పుడుతుంది. శాస్త్రకారులు అలా అనుకోలేదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం రేవు దాటించినందుకు తీసుకునే తరపణ్యాన్ని, అంటే పడవ సుంకాన్ని, వివరంగా నిర్ణయించింది: ఖాళీ బండికి ఒక పణం, మనిషి మోసే బరువుకు అర పణం, పశువుకూ స్త్రీకీ పావు, బరువు లేని మనిషికి అందులో సగం. రెండు నెలలు నిండిన గర్భిణి, సన్యాసి, వానప్రస్థుడు, వేదం చదివే బ్రాహ్మణ విద్యార్థి ఏమీ ఇవ్వనక్కరలేదు. ఈ జాబితాలో వర్ణ పక్షపాతం ఉన్నది, దానిని దాచవలసిన పని లేదు. అయితే మోత పెరిగేకొద్దీ సుంకం పెరగాలి, చేతగానివారిని ఉచితంగా దాటించాలి అన్న సూత్రం ఆ పక్షపాతాన్ని తీసివేసినా నిలుస్తుంది. ఇంతకంటె ముఖ్యమైన నియమం దాని వెంటనే వస్తుంది. పడవలోని సరుకు పడవవారి తప్పు వల్ల చెడితే వారందరూ కలిసి నష్టం భరించాలి. దైవికంగా జరిగిన హానికి మాత్రం వారి మీద దండన లేదు. సుంకం పుచ్చుకున్న చేయి ప్రయాణికుని క్షేమానికి పూచీ పడిందన్నమాట.

కృష్ణా డెల్టాకు దక్షిణపు కొసన సముద్రతీరంలో ఉన్న మోటుపల్లిలో ఈ ఆలోచనే రాతికెక్కింది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయ శాసనం, తుఫాను పాలై ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారని చెబుతూ, ఇకమీదట ముప్పయ్యింట ఒక వంతు వంతున క్లుప్త శుల్కం, అంటే ముందుగా నిర్ణయించిన సుంకం, తప్ప మరేమీ తీసుకోమని వర్తకులకు మాట ఇచ్చింది. హద్దు తెలిసిన సుంకం, దానికి బదులుగా అభయం: శుల్కాన్ని దోపిడీ నుంచి వేరు చేసే గీటురాళ్ళు ఈ రెండే.

కాజ గేటును కూడా వీటి మీదే గీసి చూడాలి. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలు మోటారు సైకిలును, ఆటోను, ట్రాక్టరును సుంకం నుంచి తప్పించి, బరువు వాహనానికి ఎక్కువ రేటు పెట్టాయి; రేవు సుంకంలోని తారతమ్యమే ఇక్కడా ఉంది. సొంత కార్లకు 2025 ఆగస్టు 15 నుంచి మూడు వేల రూపాయలకు 200 దాట్ల వార్షిక పాసు వచ్చింది కనుక, తరచూ తిరిగేవారికి ఆ ధరకు ఒక్కో గేటు పదిహేను రూపాయలే పడింది. పూచీ విషయానికి వస్తే, అదే ఆగస్టులో కేరళ హైకోర్టు ఎడప్పల్లి–మన్నుత్తి మార్గంలోని పాలియేక్కర గేటు వద్ద రోడ్డు పాడై ప్రజలు గంటల తరబడి చిక్కుకుంటున్నారన్న కారణంతో వసూళ్ళను కొంతకాలం నిలిపివేసింది, సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. పడవవాడి పూచీని నేటి న్యాయస్థానం తిరిగి గుర్తించిందనవచ్చు. హద్దు విషయంలో మాత్రం పరిస్థితి అంత తృప్తికరంగా లేదు. పెట్టుబడి రాబట్టుకున్న తరువాత రుసుమును 40 శాతానికి తగ్గించాలన్న నియమం 2008 నిబంధనల తొలి రూపంలో ఉండేది. అది చెక్కుచెదరకుండా నిలిచి ఉండవలసింది, ఎందుకంటే ముగింపు లేని సుంకం మెల్లగా తన న్యాయాన్ని పోగొట్టుకుంటుంది. జీవితకాల పన్ను కట్టి, ప్రతి లీటరు పెట్రోలు మీదా రోడ్ల సెస్సు కట్టి, మళ్ళీ గేటు దగ్గర కూడా కట్టాలా అని అడిగేవారి ఆక్షేపణలో బలం ఉంది. ఆ ఆక్షేపణను పాలియేక్కర పిటిషనర్ల లాగా సుంకం వసూలు చేసేవారి ముందు పెట్టాలి. కాలువ దారిన తప్పుకుపోతే అది చేరవలసిన వారికి చేరదు, దాని భారం మాత్రం వేరొకరి మీద పడుతుంది.

ఆ వేరొకరు ఎవరో తెలియాలంటే కోతల కాలంలో డెల్టా ఊరిబాటను చూడాలి. కళ్ళం చాలని రైతు రోడ్డులో సగం మేర ధాన్యం పరిచి, చుట్టూ రాళ్ళు పేర్చి, కాళ్ళతో చాళ్ళు తీస్తూ గింజ తిరగేస్తుంటాడు. తేమ తగ్గితే గాని కాటాకెక్కదు. దుగ్గిరాల యార్డుకు పసుపు బస్తాల ట్రాక్టర్లు వస్తుంటాయి, బడి వదిలిన పిల్లలు సైకిళ్ళ మీద రెండు మూడు వరసలుగా సాగుతుంటారు, గేదెలు కాలువలోంచి లేచి తీరిగ్గా అడ్డం వస్తాయి. ఆ బాట వారి వాకిలికి కొనసాగింపు. దాని మలుపులు, వెడల్పు, కల్వర్టుల బలం వారి నడకకు, వారి బండ్లకు తగినట్టు ఏర్పడినవి. టోలు తప్పించుకునేందుకు అటు తిరిగిన కారు హారను కొడుతూ ధాన్యం అంచు తొక్కుకుంటూ పోయినప్పుడు, కాజ దగ్గర కట్టవలసిన మొత్తం మాఫీ కాలేదు. దుమ్ముగా, గుంతలుగా, పిల్లల ప్రాణభయంగా మారి, ఒప్పుకోనివారి ఖాతాలో పడింది. ఇతరులు సమకూర్చిన దానిని తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవానిని భగవద్గీత మూడవ అధ్యాయం దొంగ అన్నది. ఆ మాట కటువైనదే గాని, తాహతు ఉండి చుట్టుదారి పట్టినవాని విషయంలో దానిని మెత్తబరచడానికి కారణం కనిపించదు.

తెనాలిలో పని ఉన్నవాడు, సుంకం నిజంగానే భారమైనవాడు, నిదానంగా ఊళ్ళను చూసుకుంటూ పోదలచినవాడు ఆ దారిన వెళ్ళడంలో దోషం లేదు. అటువంటి వారి కోసం ఉచితమైన బాట ఒకటి ఎప్పుడూ ఉండి తీరాలి, అది గేటు ఉన్న బాట కంటె హీనంగా పడి ఉండకూడదు కూడా. పూర్త ధర్మం ప్రభుత్వం నుంచి కోరేది ఇదే.

లారీల విషయం వేరు. చాలా సందర్భాల్లో దారిని ఎంచేది నడిపేవాడు కాదు. ట్రిప్పుకు ఇంతని యజమాని ముందే లెక్కగట్టి ఇస్తే, అందులో టోలు మిగిల్చుకోవాలని డ్రైవరు రాత్రివేళ ఊరిబాట పడతాడు. లేదా అటే పొమ్మని యజమానే చెబుతాడు. కల్వర్టు కుంగితే, రోడ్డు మీద ఎవరైనా దెబ్బతింటే, ఊరి జనం నిలబెట్టి నిలదీసేది స్టీరింగు ముందున్న మనిషినే. తెలుగునాట వైదిక కుటుంబాలలో అధికభాగం అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం దీనిని అంతటితో వదలదు: చేయించినవాడు, ఆమోదించినవాడు, చేసినవాడు ముగ్గురూ కర్మఫలంలో భాగస్తులని అంటుంది. ఆ సూత్రం ప్రకారం, త్వరగా చేరాలి, కిరాయి మాత్రం తగ్గాలి అని బేరమాడి, ఏ దారిన వస్తుందో అడగకుండా సరుకు దించుకున్న గుంటూరు దుకాణదారునికి కూడా ఆ రాత్రి ప్రయాణంలో వాటా ఉంది.