మాన్యం నుంచి మినహాయింపు వరకు: అపార సంపద, పన్ను న్యాయం, ప్రజాస్వామ్యం

వ్యాస సంగ్రహం: పన్ను లేకపోవడాన్ని గౌరవంగా భావించిన పూర్వ సమాజపు దృష్టి 'మాన్యం' అనే తెలుగు మాటలో నిలిచి ఉంది. ఆ దృష్టి ప్రజాస్వామ్యంలో రూపు మార్చుకొని ఎలా కొనసాగుతున్నదో, అపార సంపద పన్ను విధానాన్నీ రాజకీయ సమానత్వాన్నీ ఏకకాలంలో ఎలా ప్రభావితం చేస్తున్నదో భారతదేశపు అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మాన్యం, కప్పం, పన్ను న్యాయం, సంపద పన్ను, ఎన్నికల బాండ్లు, రాజకీయ సమానత్వం.

ప్రవేశిక

తెలుగులో 'మాన్యం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. గౌరవింపదగినది అన్నది ఒకటి, పన్ను లేని భూమి అన్నది మరొకటి. శాసనాలలో కనిపించే 'సర్వమాన్యం' అన్ని పన్నుల నుంచి విముక్తి పొందిన భూమిని సూచిస్తుంది. 'కప్పం' అనే మాట దీనికి ఎదురు నిలుస్తుంది. ఓడినవాడు గెలిచినవాడికి, సామంతుడు సార్వభౌముడికి కట్టేది కప్పం. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సామాజిక వ్యాకరణం బయటపడుతుంది. చెల్లించడం లొంగుబాటుకు గుర్తు, చెల్లించనక్కరలేకపోవడం ఆధిక్యానికి గుర్తు.

ప్రజాస్వామ్యం ఈ వ్యాకరణాన్ని తలకిందులు చేయవలసి ఉంది. అందులో పాలకుడూ పాలితుడూ ఒకరే గనుక పన్ను ఎవరికో కట్టే కప్పం కాదు. ఉమ్మడి జీవనానికి అందరూ సమర్పించే భాగం. అయితే అపార సంపద కలిగిన కొద్దిమంది తమ భాగాన్ని తామే నిర్ణయించుకోగల స్థితికి చేరితే పాత మాన్యం కొత్త పేరుతో తిరిగి వచ్చినట్లే. అది నైతికంగా ఎందుకు తప్పు? ఖజానాకు నష్టం కలగడం వల్లనేనా, అంతకన్నా లోతైన కారణం ఉన్నదా? ఈ వ్యాసం చర్చించే ప్రశ్న ఇది.

పూర్వ రాజనీతిలో పన్ను

పన్నును గురించిన మన ప్రాచీన చింతన ప్రధానంగా రాజును ఉద్దేశించినది. తుమ్మెద పువ్వు నలగకుండా తేనె తీసుకున్నట్లు రాజు పన్ను తీసుకోవాలన్న ఉపమానం శాంతిపర్వంలో ఉంది. బొగ్గులు కాల్చేవాడిలా కాక మాలలు కట్టేవాడిలా ఉండాలన్న హితవు కూడా అక్కడిదే. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి ప్రకరణంలో శ్రీకృష్ణదేవరాయలు చెరువులు, కాలువలు తవ్వించి పేదలకు పన్నులో వెసులుబాటు కల్పించడాన్ని ధర్మానికీ అర్థానికీ వృద్ధి హేతువుగా చెప్పాడు. బలవంతుడు బలహీనుడి నుంచి అతిగా తీసుకోరాదన్నది వీటన్నిటిలోని అంతస్సూత్రం.

1244 ప్రాంతానికి చెందిన గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం ఈ నీతికి ఆచరణ రూపం. ఓడలు తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని సరుకును పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ కాకతీయ ప్రభువు ఆ శాసనంలో ప్రకటించాడు. ఇక్కడ గమనింపదగినది రాజు ఔదార్యం ఒక్కటే కాదు. పన్ను ముందుగానే నిర్ణయమైంది, రాతిమీద అందరికీ తెలిసేలా చెక్కించబడింది, దానిని ప్రకటించినవాడు కూడా దానికి కట్టుబడ్డాడు.

ఈ సంప్రదాయాన్ని ఆదర్శీకరించనక్కరలేదు. అగ్రహారాలకు, దేవాలయాలకు సర్వమాన్యాలు ఇచ్చిన వ్యవస్థ వర్ణాధిక్యం మీద నిలిచింది. ఆ భారం సేద్యం చేసేవారిమీదే పడింది. అయినా ఆ అసమానతలో ఒక బహిరంగత ఉంది. దాత ఎవరు, గ్రహీత ఎవరు, ఏ కారణంతో ఇచ్చారు, పొలిమేరలు ఎక్కడివరకు అన్న వివరాలను దానశాసనాలు నమోదు చేశాయి. మినహాయింపు అన్యాయమైనదే కావచ్చు గాని రహస్యమైనది కాదు.

సంపద పన్ను క్షీణత

స్వతంత్ర భారతం ఈ వారసత్వం నుంచి తెగతెంపులు చేసుకోవాలనుకున్నది. సంపద, ఉత్పత్తి సాధనాలు సామాన్యులకు హాని కలిగే విధంగా కొందరి చేతిలో కేంద్రీకృతం కారాదని రాజ్యాంగం 39వ అధికరణం నిర్దేశించింది. 1953లో మరణానంతర ఆస్తిపై ఎస్టేట్ సుంకం వచ్చింది. ఆర్థికవేత్త నికొలాస్ కాల్డార్ 1956లో సమర్పించిన నివేదిక ప్రేరణతో 1957లో సంపద పన్ను, వ్యయ పన్ను చట్టాలు, 1958లో బహుమతి పన్ను చట్టం వచ్చాయి. ఆదాయం ఒక్కటే మనిషి చెల్లింపు శక్తికి కొలత కాదని కాల్డార్ భావించాడు. ఆస్తిగా పేరుకొనేదీ, వారసత్వంగా దాటిపోయేదీ లెక్కలోకి రావాలన్నది ఆ చట్టాల వెనుక ఉన్న న్యాయదృష్టి.

ఈ నిర్మాణం క్రమంగా కూలింది. వ్యయ పన్ను 1960ల మధ్యలోనే అంతరించింది. ఎస్టేట్ సుంకం 1985లో, బహుమతి పన్ను 1998లో రద్దయ్యాయి. సంపద పన్ను 2015 బడ్జెట్‌తో ముగిసింది. దానికి ఆర్థికమంత్రి చెప్పిన ప్రధాన కారణం వసూలుకు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ అని. 2013-14లో వచ్చిన మొత్తం 1,008 కోట్ల రూపాయలు మాత్రమే. దాని స్థానంలో కోటి రూపాయలకు మించిన ఆదాయంపై 2 శాతం అదనపు సర్‌చార్జి విధించారు.

రాబడి తక్కువన్నది నిజమే. అయితే ఎందుకు తక్కువ? 1993 నుంచి కంపెనీల వాటాలు మొదలైన ద్రవ్యాస్తులు సంపద పన్ను పరిధిలో లేవు. ఇళ్ళు, నగలు, కార్లు వంటివి మిగిలాయి గాని అపార సంపన్నుల ఆస్తిలో సింహభాగమైన వాటాలు జారిపోయాయి. కుండకు చిల్లు పెట్టి, అందులో నీరు నిలవడం లేదని దానిని పారవేసినట్లయింది. పైగా సర్‌చార్జి ఆదాయం మీద పడేదే గాని సంపద మీద పడేది కాదు. అమ్మనంతకాలం వాటా విలువ ఎంత పెరిగినా అది ఆదాయపు లెక్కలోకి రాదు.

ఆస్తుల విలువ కట్టడం కష్టమన్నది సంపద పన్నుకు తరచుగా వినిపించే అభ్యంతరం. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021 నుంచి ఇంటిపన్నును ఆస్తి మూలధన విలువ ఆధారంగా నిర్ణయిస్తున్నారు. ఉద్యోగ విరమణ సొమ్ముతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు యజమానికి ఆదాయం తెచ్చినా తేకపోయినా ఏటేటా విలువ కట్టబడుతుంది, పన్నుకు లోనవుతుంది. సామాన్యుడి ఏకైక సంపదకు సాధ్యమైన మూల్యాంకనం, రోజూ స్టాక్ మార్కెట్లో ధర ప్రకటితమయ్యే వాటాలకు అసాధ్యం కాజాలదు. కాబట్టి ఇక్కడి సమస్య సాంకేతికమైనది కాదు. ఎవరి ఆస్తిని చూడాలి, ఎవరి ఆస్తిని చూడనట్లుండాలి అన్న ఎంపిక.

2019 సెప్టెంబరులో కంపెనీల మూల పన్ను రేటును, ఇతర రాయితీలు వదులుకునే షరతుపై, 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. దీనివల్ల ఏటా 1.45 లక్షల కోట్ల రూపాయల రాబడి తగ్గుతుందని అప్పటి ప్రభుత్వమే అంచనా వేసింది. 2023 బడ్జెట్ కొత్త విధానంలో అత్యధిక వ్యక్తిగత ఆదాయాలపై గరిష్ఠ పన్ను రేటు 42.74 నుంచి 39 శాతానికి దిగింది. మరోవైపు వస్తుసేవల పన్ను, కొనేవాడు కూలీయా కోటీశ్వరుడా అని చూడదు. 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం పై ఒక శాతం చేతిలో ఉన్నదని ప్రపంచ అసమానతల ప్రయోగశాల పరిశోధకులు 2024లో అంచనా కట్టారు. ఈ నేపథ్యంలో పై మార్పుల దిశ స్పష్టమే.

పన్ను చట్టం, విరాళాల చట్టం

ఇంతవరకు చెప్పినది పంపిణీకి సంబంధించిన అన్యాయం. దానికన్నా లోతైనది నిర్ణయాధికారానికి సంబంధించినది. ఈ రెండింటి కలయికకు 2017 ఆర్థిక చట్టం నిదర్శనం. ఏటా పన్నులను నిర్ణయించే ఆర్థిక చట్టంలోనే ఆ ఏడాది రాజకీయ విరాళాల నియమాలు కూడా మారాయి. అంతకుముందు ఒక కంపెనీ గత మూడేళ్ళ సగటు నికరలాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు విరాళం ఇవ్వరాదు, ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో వెల్లడించాలి. ఆ పరిమితి తొలగిపోయింది, పార్టీ పేరు చెప్పనక్కరలేకపోయింది. దాత పేరు ప్రజలకు తెలియని ఎన్నికల బాండ్లకు దారి ఏర్పడింది.

2018 మార్చి నుంచి 2024 జనవరి వరకు సుమారు 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడయ్యాయి. విలువలో అత్యధిక భాగం కోటి రూపాయల బాండ్లదే. ఆ మొత్తం సామాన్య పౌరుడి విరాళం కాదని దీనిని బట్టి ఊహించవచ్చు. గ్రహీతలలో జాతీయ పక్షాలతోపాటు తెలుగు రాష్ట్రాల ప్రాంతీయ పక్షాలు కూడా ఉన్నాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఈ పథకాన్ని కొట్టివేసింది. ఇది ఓటరు సమాచార హక్కును ఉల్లంఘిస్తుందనీ, కంపెనీల అపరిమిత విరాళాలు సమానత్వ సూత్రానికి విరుద్ధమనీ తీర్పు చెప్పింది.

బాండు కొన్న ప్రతి సంస్థా ప్రతిఫలం పొందిందని నిర్ధారించడం న్యాయం కాదు. నిజానికి ఈ విధానపు నైతిక దోషం అక్కడే ఉంది. ప్రతిఫలం ఉన్నదో లేదో పరీక్షించే అవకాశాన్నే అది పౌరుడికి లేకుండా చేసింది. నిర్దోషి అయిన దాత కూడా తన నిర్దోషిత్వాన్ని చూపుకోలేడు. మోటుపల్లి శిలాస్తంభానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. అక్కడ అధికారం తన హద్దును రాతిమీద చెక్కుకుంది. ఇక్కడ ప్రజాస్వామ్యం తన రుణాన్ని కవరులో దాచుకుంది.

సంపన్నులు అధికారానికి చేరువగా ఉండడం కొత్త కాదు. శ్రీనాథుడి హరవిలాసాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి రాజాస్థానాలకు విలువైన సరుకులు సమకూర్చిన వర్తక కుటుంబానికి చెందినవాడు. ఆనాటి వర్తకుడు రాజుకు సన్నిహితుడైతే కావచ్చు గాని, రాజూ తానూ సమానమని ఎవరికీ చెప్పనక్కరలేదు. మనం మాత్రం అందరి ఓటు విలువా ఒకటేనని చెప్పుకున్నాం. రాజకీయాలలో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యాన్ని ఎక్కువకాలం కొనసాగిస్తే రాజకీయ ప్రజాస్వామ్యమే ప్రమాదంలో పడుతుందని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో హెచ్చరించడానికి కారణం ఇదే.

అభ్యంతరాల పరిశీలన

ఈ వాదానికి మూడు బలమైన అభ్యంతరాలున్నాయి. ఆదాయపు పన్నులో అధికభాగాన్ని కొద్దిమంది సంపన్నులే చెల్లిస్తున్నారు గనుక వారిపై ఇంకా భారం మోపడం అన్యాయమన్నది మొదటిది. ఆదాయపు పన్ను వరకు ఇది వాస్తవమే. కాని పరోక్ష పన్నులను కలుపుకొంటే పేదవాడు కూడా నిత్యం పన్ను కడుతున్నాడు. ఎవరు ఎంత మొత్తం కట్టారన్నదానికన్నా ఎవరి శక్తిలో ఎంత భాగం కట్టారన్నదే న్యాయానికి ప్రమాణం.

సంపన్నుల దానధర్మాలు పన్నుకు ప్రత్యామ్నాయం కాగలవన్నది రెండవది. గాంధీజీ ధర్మకర్తృత్వ భావన దీనికి ఆధారంగా చెప్పబడుతుంది. విద్యాలయాలు, వైద్యశాలలు కట్టించిన దాతల ఔదార్యం నిస్సందేహంగా స్తవనీయం. అయితే దానంలో ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది దాత ఇష్టం. పన్నులో ఆ నిర్ణయం అందరిదీ. దానం గ్రహీతను కృతజ్ఞుడిని చేస్తుంది. పన్నుతో నడిచే బడి అందులో చదివే పిల్లవాడిని హక్కుదారును చేస్తుంది. ఒకటి మరొకదానికి తోడు కాగలదు గాని బదులు కాలేదు.

పన్ను పెంచితే సంపద దేశం దాటిపోతుందన్నది మూడవది. ఇది ఆచరణలో నిజమైన చిక్కే. కాని తనపై పన్ను వేస్తే వెళ్ళిపోతానని చెప్పి చట్టాన్ని ఆపగల పౌరుడికి ఇతరులకు లేని నిషేధాధికారం దక్కినట్లే. అంటే ఈ అభ్యంతరం సమస్యను ఖండించడం లేదు, దాని తీవ్రతను ధ్రువపరుస్తున్నది. దీనికి పరిష్కారం దేశాల సమష్టి చర్యలో ఉంది. ప్రపంచంలోని సుమారు 3,000 మంది శతకోటీశ్వరులు తమ సంపదలో కనీసం 2 శాతం ఏటా పన్నుగా చెల్లించేలా చూస్తే 200 నుంచి 250 బిలియన్ డాలర్ల రాబడి వస్తుందని గాబ్రియల్ జుక్‌మన్ 2024లో జీ-20 దేశాలకు నివేదించాడు. అత్యంత సంపన్నులపై పన్ను సమర్థంగా పడేలా సహకరించుకోవాలన్న మాట ఆ ఏడాది రియో ప్రకటనలో చోటు చేసుకున్నది. అది ఇంకా ఆచరణకు దూరంగానే ఉన్నా, ప్రశ్న అంతర్జాతీయ వేదికకు చేరింది.

ముగింపు

పై పరిశీలన నుంచి పన్ను న్యాయానికి మూడు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు. భారం శక్తికి తగినట్లు ఉండాలి. ఆ శక్తిని కొలిచేటప్పుడు ఆదాయంతోపాటు సంపదనూ లెక్కించాలి. మినహాయింపు ఏదైనా దాని లబ్ధిదారుతో, కారణంతో సహా బహిరంగంగా ఉండాలి. పన్నుకు లోనయ్యేవాడి ధనం ఆ పన్నును నిర్ణయించేవారికి రహస్యంగా చేరరాదు. మొదటిది పంపిణీకి, రెండవది పారదర్శకతకు, మూడవది రాజకీయ సమానత్వానికి చెందినది. మూడవది లోపిస్తే మొదటి రెండూ ఎక్కువకాలం నిలవవు. నియమాలను మార్చగల శక్తి తన ప్రయోజనానికి అడ్డువచ్చే నియమాలనే ముందుగా మార్చుకుంటుంది.

పూర్వ రాజనీతి తీసుకునే చేతికి సంయమనం బోధించింది. ఆ చేయి రాజుది గనుక ఆనాటికి అది తగిన బోధ. ఈనాడు సంయమనం నేర్వవలసింది ఇవ్వకుండా తప్పించుకోగల చేయి. అప్పుడు అన్యాయం అతిగా గుంజుకోవడంలో ఉండేది, ఇప్పుడు అందరికీ వర్తించే నియమం కొందరిని తాకకుండా పోవడంలో ఉంది. రెండింటికీ మూలం బలవంతుడు నియమానికి వెలుపల నిలవడమే. మాన్యం అనే మాటలోని గౌరవార్థాన్ని మనం వదులుకోనక్కరలేదు. దాని స్థానాన్ని మారిస్తే చాలు. రాచరికంలో పన్ను లేనివాడు మాన్యుడు. ప్రజాస్వామ్యంలో తన శక్తికి తగిన పన్నును అందరి కళ్ళెదుట చెల్లించినవాడే మాన్యుడు.