చెయ్యెత్తక మునుపు విచారించుడి

ధ్యాన భాగము: యెహోషువ 22:10–34



యొర్దాను దగ్గర రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు గొప్ప బలిపీఠమొకటి కట్టిరని ఇశ్రాయేలీయులు వినిరి. వెంటనే సమాజమంతయు షిలోహులో కూడి యుద్ధమునకు సిద్ధపడెను. అయితే కత్తి దూయక మునుపు వారు యాజకుడైన ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి, ఎదుటివారినే అడిగించిరి. ఆ పీఠము బలుల కొరకు గాక తమ పిల్లలకు సాక్షిగా ఉండుటకు కట్టినదని తెలిసెను. పీఠము ఉన్నమాట నిజమే. దాని అర్థము మాత్రము వేరు. ఆ ఒక్క ప్రయాణము ఎన్నో ప్రాణములను కాపాడెను.

మన కాలములో సభలు ఇంత ఓపిక పట్టలేదు. ఇరాకు రాజ్యము మారణాయుధములు దాచియున్నదను వేగు సమాచారమును నమ్మి, 2002 అక్టోబరులో అమెరికా దిగువ సభ 296–133 ఓట్లతోను, ఎగువ సభ 77–23 ఓట్లతోను యుద్ధాధికారము నిచ్చెను. వేగువారి పూర్తి నివేదిక సభ్యులకు అందుబాటులోనే యుండెను. దానిని చదివినవారు బహు కొద్దిమంది. 2003 మార్చి 7న, ఐక్యరాజ్యసమితి పరిశీలకుల నాయకుడు హన్స్ బ్లిక్స్ తమ పని ముగియుటకు ఇంకను కొన్ని నెలలు కావలెనని చెప్పెను. ఆ నెలలు ఇయ్యబడలేదు. మార్చి 18న బ్రిటిషు పార్లమెంటు 412–149 ఓట్లతో సమ్మతించెను. రెండు దినములలో యుద్ధము మొదలాయెను. ఆ దినములలో ప్రక్కనున్న కువైట్‌లో పనికి వెళ్లిన బిడ్డల కొరకు మన గోదావరి పల్లెల తల్లులు ఎంత తల్లడిల్లిరో మీరెరుగుదురు.

ఆయుధముల నిల్వలు దొరకలేదు. లక్షకు పైగా ఇరాకు పౌరులు మరణించిరి. ఆ సమాచారమును ఉండరానంత నిశ్చయముతో చూపిరని 2016లో బ్రిటనులోని చిల్‌కాట్ విచారణ తేల్చెను.

“మాకు చెప్పినదానిని నమ్మితిమి” అని అనేకులు అనిరి. అడుగుటకు సమయముండగా అడుగనివానికి ఆ మాట చాలునా? వాల్టర్ జోన్స్ అను అమెరికా సభ్యుడు కూడ యుద్ధమునకు ఓటు వేసెను. తరువాత ఒక సైనికుని భూస్థాపన కూడికలో అతని మనస్సాక్షి మేలుకొనెను. 2019లో మరణించువరకు అతడు తన తప్పును బహిరంగముగా ఒప్పుకొనుచు, మృతుల కుటుంబములకు పదివేలకు పైగా ఉత్తరములు వ్రాసెను. ఆ ఉత్తరములు చనిపోయినవారిని లేపలేదు. అయినను తన ఓటు తనదేనని అతడు దేవుని యెదుట ఒప్పుకొనెను.

దూరపు సభలను నిందించుట సులభము. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు, “పైవాళ్లు గట్టు తెంచిరి” అను మాట నీటికంటె వేగముగా ప్రాకును. ఒక ఏట అట్టి మాట విని, ప్రక్క ఊరివారితో పొత్తు మానవలెనని మన పెద్దలు చేతులెత్తిరి. మేమును ఎత్తితిమి. చూచి వచ్చుటకు దోనె యున్నది, వెళ్లలేదు. నీరు తీసిన తరువాత చూడగా, ఎలుక బొరియలవలన గట్టు తానే జారియుండెను. ఈలోగా ఆ ఊరి కూలివారు మూడు వారములు పని లేక పస్తులుండిరి. మేము దోనె ఎక్కి వెళ్లి క్షమాపణ అడిగితిమి. వారు మాకు మజ్జిగ ఇచ్చిరి. ఆ మజ్జిగ గొంతు దిగుట కష్టమాయెను.

కాబట్టి ప్రియులారా, సంఘ కమిటీలోగాని పంచాయతీలోగాని చెయ్యెత్తక మునుపు ఫీనెహాసును పంపుడి. ఓటు అడుగ వచ్చువారిని, “నీవు ఏమి విచారించి చెయ్యెత్తితివి?” అని అడుగుడి. తప్పి యెత్తితిరా, ఆ చేతినే చాచి క్షమాపణ వేడుడి.

ప్రభువా, వినుటకు త్వరపడి తీర్పునకు నిదానించు హృదయము మాకు దయచేయుము. ఆమేన్.